ఇంటిల్లిపాదికీ ఒకే ఆన్‌లైన్ డాక్టర్ సరిపోతారా?

మా అమ్మ నరసరావుపేటలో ఉంటుంది. వయసు 68. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నేను, నా భార్య, ఆరేళ్ల మా బాబు హైదరాబాద్‌లో ఉంటాం. చెల్లెలు డాలస్‌లో. కిందటేడు వానాకాలంలో ఒక రాత్రి అమ్మకి కళ్లు తిరిగితే, ఇంట్లో ఎవరూ లేక పక్కింటివాళ్లని లేపాల్సి వచ్చింది. మర్నాడే చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, అందరికీ కలిపి ఒక ఆన్‌లైన్ డాక్టర్ ప్లాన్ తీసేసుకుందాం. డబ్బులు నేను కడతా. రాత్రిపూట ఏమైనా అయితే ఈ టెన్షన్ ఉండదు కదా" అంది.

సబబుగానే అనిపించింది. ఏ యాప్ తీసుకోవాలో చూద్దామని కూర్చున్నాను. రెండు వారాలు నిబంధనలు చదివాక అర్థమైంది, మేం తప్పు చోట మొదలుపెట్టామని. ఏ యాప్ మంచిదో తేల్చుకునే ముందు ఎవరికి కావాలి, ఏ జబ్బుకి కావాలి, చూసే డాక్టర్ ఆ మనిషిని అంతకుముందు ఎప్పుడైనా ఎదురుగా కూర్చోబెట్టి చూశారా అన్నవి తేలాలి. మన దేశంలో ఆన్‌లైన్ వైద్యం నిబంధనల్లో ముఖ్యమైనవన్నీ ఆ చివరి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ప్రకటనల్లో మాత్రం ఆ ప్రశ్న ఎక్కడా కనిపించదు.

ఒకే పేరుతో పిలుస్తున్న నాలుగు వేర్వేరు సేవలు

'ఆన్‌లైన్ డాక్టర్' అనగానే మనకి ఒకటే బొమ్మ కళ్ల ముందుకు వస్తుంది: ఫోన్‌లో డాక్టర్ ముఖం. దాని వెనక ఉన్న ఏర్పాట్లు మాత్రం వేర్వేరు.

మనం ఎప్పుడూ వెళ్లే డాక్టరే వీడియో కాల్‌లో మాట్లాడటం మొదటి రకం. దీనికి యాప్ కూడా అక్కర్లేదు, మామూలు వాట్సాప్ కాల్ అయినా చాలు. ఆస్పత్రులు సొంతంగా నడిపే సేవలు రెండో రకం, అపోలో 24/7 లాంటివి. వీటిలో డాక్టర్ అవసరమైతే అదే సంస్థ ఆస్పత్రికి రమ్మనగలరు. ప్రాక్టో, మెడీబడ్డీ, టాటా 1ఎంజీ లాంటి వేదికలు మూడో రకం. దేశం నలుమూలల ఉన్న డాక్టర్లు అక్కడ పేరు నమోదు చేసుకుంటారు, ఆ సమయానికి ఖాళీగా ఉన్నవాళ్లో, మనం ఎంచుకున్నవాళ్లో మాట్లాడతారు. ఆఫీసువాళ్లు, బీమా కంపెనీలు 'ఉచితంగా' ఇచ్చే డాక్టర్ సేవలు కూడా చాలావరకు ఈ మూడో రకమే, పైన పేరు మారుతుంది.

నాలుగోది ప్రభుత్వానిది. కేంద్ర ఆరోగ్య శాఖ కోసం మొహాలీలోని సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) తయారుచేసిన ఈ-సంజీవని ఉచితం. దీనిలో మళ్లీ రెండు దారులున్నాయి. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఓపీడీ సేవలో మనమే ఇంటి నుంచి డాక్టర్‌తో మాట్లాడొచ్చు. అంతకంటే ముందే, 2019 నవంబర్‌లో మొదలైన రెండో దారిలో ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి, జిల్లా ఆస్పత్రిలోనో మెడికల్ కాలేజీలోనో ఉన్న డాక్టర్‌ని తెర మీదకి తీసుకొస్తారు. ఈ రెండో దారిని దేశంలో మొట్టమొదట అమల్లో పెట్టింది ఆంధ్రప్రదేశే. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని మీద దేశవ్యాప్తంగా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. ఇంత పెద్ద సేవ ఉందని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ-మానస్ ఉంది, నంబర్ 14416. ఇది 2022 అక్టోబర్ 10న మొదలైంది. తెలుగులోనూ మాట్లాడతారు, రోజంతా పనిచేస్తుంది, డబ్బులేం తీసుకోరు.

ఫోన్‌లో వైద్యం చట్టబద్ధమేనా అన్న అనుమానం ఎలా తీరింది

దూరం నుంచి వైద్యం మనవాళ్లకి కొత్త కాదు. 2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండలోని టెలీమెడిసిన్ కేంద్రాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. పల్లెలో ఉన్న రోగిని నగరంలోని స్పెషలిస్టుకి ఉపగ్రహం ద్వారా చూపించడం అప్పట్లో పెద్ద వార్త. అయితే ఆ తర్వాత 20 ఏళ్లపాటు దీనికి స్పష్టమైన నిబంధనలు లేవు. 2018లో మహారాష్ట్రలోని రత్నగిరిలో ఒక బాలింత చనిపోయిన కేసులో, రోగిని చూడకుండా ఫోన్ మీద మందులు చెప్పడాన్ని బాంబే హైకోర్టు తీవ్రంగా తీసుకుని ఆ డాక్టర్లకి ముందస్తు బెయిల్ నిరాకరించింది. దానితో ఫోన్‌లో సలహా చెప్పడానికే చాలామంది డాక్టర్లు జంకారు.

ఆ అనుమానానికి జవాబు 2020 మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు అది. అప్పటి మెడికల్ కౌన్సిల్ స్థానంలో పనిచేస్తున్న పాలక మండలి, నీతి ఆయోగ్‌తో కలిసి టెలీమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. తర్వాత వాటిని డాక్టర్ల నైతిక నియమావళిలో చేర్చారు. 2023 ఆగస్టులో, మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు తెచ్చినా, అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. అందుకే 2020 నాటి పత్రమే ఇప్పటికీ ఆధారం.

ఆ పత్రంలో 'ఆర్ఎంపీ' అనే మాట పదే పదే వస్తుంది. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే ఎంబీబీఎస్ చదవకుండా ఊళ్లో ప్రాథమిక వైద్యం చేసే మనిషి. చట్టంలో అదే మాటకి అర్థం అచ్చంగా తిరగబడుతుంది: రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన అర్హత గల డాక్టర్. యాప్‌లో 'ఆర్ఎంపీ' అని చూసి అమ్మ భయపడింది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఈ డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ని మందుల చీటీ మీద, రసీదు మీద తప్పకుండా చూపించాలి. ఆ నంబర్‌ని జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో గానీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దగ్గర గానీ ఎవరైనా సరిచూసుకోవచ్చు. చూసేటప్పుడు నంబర్ ఉందా అన్నది ఒక్కటే కాదు, ఆ నంబర్ పక్కన ఉన్న పేరు, డిగ్రీ కూడా యాప్‌లో ఉన్నవాటితో కలవాలి. ఆయుర్వేదం, హోమియో డాక్టర్లకి విడిగా మార్గదర్శకాలున్నాయి. కొన్ని వేదికల్లో అందరూ ఒకే జాబితాలో కనిపిస్తారు కాబట్టి, మాట్లాడేది ఏ వైద్య విధానం డాక్టరో డిగ్రీ చూస్తేనే తెలుస్తుంది.

మొదటిసారా, కొనసాగింపా: ఆరు నెలల లెక్క

మార్గదర్శకాలు ప్రతి సంప్రదింపునీ రెండు గంపల్లో ఒకదానిలో వేస్తాయి. ఒకటి మొదటి సంప్రదింపు. రెండోది కొనసాగింపు, అంటే ఫాలో-అప్. కొనసాగింపు కావాలంటే మూడూ కలవాలి: అదే డాక్టర్ కావాలి, ఆ డాక్టర్ రోగిని ఎదురుగా చూసి ఆరు నెలలు దాటకూడదు, అదే జబ్బు గురించి మాట్లాడాలి. మూడింట్లో ఏది తప్పినా అది మొదటి సంప్రదింపే.

అమ్మ విషయంలో చూద్దాం. జనవరి 10న అమ్మ తన డాక్టర్ క్లినిక్‌కి వెళ్లి షుగర్ చూపించుకుందనుకోండి. జూన్ 20న ఆయనతోనే వీడియోలో షుగర్ గురించి మాట్లాడితే అది కొనసాగింపు. అదే కాల్ ఆగస్టు 5న చేస్తే ఆరు నెలలు దాటాయి, కాబట్టి మొదటి సంప్రదింపు కిందికి వస్తుంది. ఏప్రిల్‌లో మోకాళ్ల నొప్పి అని ఫోన్ చేస్తే, డాక్టర్ అదే అయినా, ఆరు నెలలు కాకపోయినా, జబ్బు వేరు కాబట్టి అదీ మొదటి సంప్రదింపే. ఇక ఏప్రిల్‌లోనే షుగర్ గురించి యాప్‌లో వేరే డాక్టర్‌తో మాట్లాడితే, ఆయన అమ్మని ఎప్పుడూ చూడలేదు కాబట్టి అది కూడా మొదటిదే.

ఇదంతా కాగితం మీది తేడా అనిపిస్తుంది. మందుల దగ్గరికి వచ్చేసరికి దీని బరువు తెలుస్తుంది.

ఏ మందు ఎప్పుడు రాయొచ్చు

మార్గదర్శకాలు మందులని నాలుగు వరసలుగా విడదీశాయి.

'ఓ' జాబితాలో ఉన్నవి ఏ పద్ధతిలో మాట్లాడినా, చాట్‌లో అయినా సరే, చెప్పదగినవి: పారాసిటమాల్, ఓఆర్ఎస్, దగ్గు బిళ్లలు లాంటివి. 'ఎ' జాబితాలోని మందుల్ని మొదటిసారే రాయొచ్చు, కానీ ఆ మొదటి సంప్రదింపు వీడియోలోనే జరగాలి. మార్గదర్శకాలు ఇక్కడ ఇచ్చిన ఉదాహరణలు గమనించదగ్గవి: చర్మానికి పూసే క్లోట్రిమజోల్, మ్యుపిరోసిన్ లాంటి మలాములు, కళ్ల కలకకి చుక్కలు, చెవి చుక్కలు. అంటే పైపైన వాడేవి, ప్రమాదం తక్కువ ఉన్నవి. ఎప్పటి నుంచో వాడుతున్న బీపీ, షుగర్, ఆస్తమా మందుల్ని కొనసాగింపులో మళ్లీ రాసివ్వడం కూడా ఈ జాబితాలోకే వస్తుంది.

'బి' జాబితా కొనసాగింపులో మాత్రమే తెరుచుకుంటుంది. ఎదురుగా చూసి రాసిన మందుకి తోడుగా అదే జబ్బుకి మరో మందు కలపడం దీని కిందికి వస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ రోగికి సిటాగ్లిప్టిన్ కలపడాన్ని మార్గదర్శకాలే ఉదాహరణగా చెప్పాయి. నాలుగోది నిషిద్ధ వరస: షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకం మీద కఠినమైన ఆంక్షలున్నవి), మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి. మార్ఫిన్ లాంటివి ఇందులో ఉంటాయి. నిద్రకి, ఆందోళనకి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఆ చట్టం పరిధిలోనివే. యాప్‌లో డాక్టర్ నిద్రమాత్రలు రాయనన్నారని కోపం తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు, చాలాసార్లు ఆయన నియమం పాటిస్తున్నారంతే.

ఇప్పుడు అమ్మ కేసుకి తిరిగి వద్దాం. ఆమె మెట్‌ఫార్మిన్ వాడుతోంది, పరగడుపు షుగర్ మూడు వారాలుగా 170 దగ్గరే ఉంటోందనుకోండి. తన డాక్టర్‌తో వీడియోలో మాట్లాడితే, జనవరిలో చూసిన మనిషే కాబట్టి, ఆయన రెండో మందు కలపొచ్చు. ప్లాన్‌లో ఆ పూట దొరికిన డాక్టర్‌కి, నిబంధనని అక్షరాలా చదివితే, ఆ వీలు లేదు. ఆయన ఎంత సమర్థుడైనా సరే. ప్రతిసారీ కొత్త డాక్టర్ వచ్చే ప్లాన్‌లో 'బి' జాబితా ఎన్నటికీ తెరుచుకోదు. దీర్ఘకాలం జబ్బులున్న పెద్దవాళ్ల కోసమే ఇలాంటి ప్లాన్‌లని ఎక్కువగా కొంటున్నాం, వాళ్లకే అవి అందరికంటే తక్కువ ఉపయోగపడతాయి. మా ఇంటి లెక్క తారుమారైంది ఇక్కడే.

డాలస్ నుంచి చెల్లెలు మాట్లాడితే చెల్లుతుందా

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది చేస్తున్న పని ఇది: అక్కడి నుంచే డాక్టర్‌కి డబ్బు కట్టి, అమ్మానాన్నల తరఫున మాట్లాడటం. మార్గదర్శకాల్లో దీనికి చోటుంది. రోగి తరఫున మాట్లాడే మనిషిని సంరక్షకులు అంటారు. రోగి కూడా కాల్‌లో ఉంటే ఏ చిక్కూ లేదు. రోగి లేకుండా మాట్లాడాలంటే మాత్రం రాతపూర్వక అధికారమో, బంధుత్వం చూపే పత్రమో ఉండాలి, లేదా రోగి అంతకుముందు క్లినిక్‌కి వెళ్లినప్పుడు 'నా తరఫున మా అమ్మాయి మాట్లాడుతుంది' అని డాక్టర్‌కి చెప్పి ఉండాలి. 16 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల విషయంలోనూ, మతిమరుపు జబ్బు లాంటివాటితో తమ సంగతి తాము చెప్పుకోలేని పెద్దల విషయంలోనూ సంరక్షకులకి ఆ అధికారం ఉన్నట్టే లెక్క.

మరి చెల్లెలు తన ఒంట్లో బాగోలేనప్పుడు హైదరాబాద్ డాక్టర్‌తో మాట్లాడొచ్చా? మన మార్గదర్శకాలు దేశం బయట ఉన్న రోగులకి వర్తించవని స్పష్టంగా చెప్పాయి. అమెరికాలో అయితే లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది, సాధారణంగా రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు డాక్టర్‌కి ఉండాలి. ఇక్కడి డాక్టర్ రాసిన చీటీ చూసి డాలస్‌లో ఫార్మసీ మందు ఇవ్వదు. అంటే 'అందరికీ కలిపి' అన్న ప్లాన్‌లో నుంచి డబ్బు కడతానన్న మనిషే మొదట బయటికి వచ్చేసింది.

కెమెరాకి కనిపించేవి, కనిపించనివి

పిల్లల విషయంలో వీడియో చాలా చేయగలదు. ఒంటి మీద దద్దుర్లు, ఊపిరి తీసుకునే వేగం, డొక్కలు ఎగరేస్తున్నాడా, ఆడుతున్నాడా లేక వాడిపోయి పడుకున్నాడా అన్నవన్నీ డాక్టర్ చూడగలరు. చెవి లోపల చూడలేరు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేరు. పొట్ట మీద చెయ్యి వేసి ఎక్కడ నొప్పో తెలుసుకోలేరు. మూడు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే అసలు వీడియో జోలికి పోకుండా ఆస్పత్రికే తీసుకెళ్లాలి, అక్కడ ఆలస్యానికి చోటు లేదు.

డెంగీ ఉదాహరణ తీసుకుంటే ఈ సరిహద్దు ఎక్కడుందో బాగా తెలుస్తుంది. వానలు పడగానే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఇంటింటి భయం. పిల్లాడికి సోమవారం జ్వరం వచ్చింది. మంగళవారం వీడియోలో డాక్టర్ చూసి, బరువు అడిగి పారాసిటమాల్ డోసు చెప్పి, నీళ్లు బాగా తాగించమని, రక్తపరీక్ష చేయించమని చెప్పారు. ఇది వీడియోకి తగిన పనే. శుక్రవారం జ్వరం తగ్గింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది తరచుగా ఆ జ్వరం తగ్గే రోజుల్లోనే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా మనిషి ఆస్పత్రిలో ఉండాలి. మంగళవారం చూసిన డాక్టరే శుక్రవారం కూడా చూస్తే పిల్లాడిలో మార్పు పసిగడతారు. శుక్రవారం కొత్త డాక్టర్ వస్తే, 'జ్వరం తగ్గింది' అన్న మన మాట మీదే ఆధారపడాలి.

మా బాబు విషయంలోనే ఒకసారి ఒక సేవలో చాట్ ద్వారా జ్వరానికి సిరప్ చెప్పారు. ఎన్ని మిల్లీలీటర్లో రాశారు. బరువు మాత్రం అడగలేదు. పిల్లలకి పారాసిటమాల్ డోసు వయసుని చూసి కాదు, బరువుని బట్టి లెక్కకట్టాలి. అప్పటి నుంచి నేను ఒక సేవని తూచేది యాప్ ఎంత వేగంగా ఉందో చూసి కాదు, డాక్టర్ ఏమేం అడిగారో చూసి. పాత జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు, బరువు, ఆడవాళ్లయితే గర్భం సంగతి అడగకుండా మందు రాశారంటే, ఆ సంప్రదింపు ఎంత బాగా జరిగినట్టు కనిపించినా అది సగమే జరిగినట్టు.

చెల్లెలి అసలు భయం రాత్రి గురించి. అత్యవసరాల్లో టెలీమెడిసిన్ పాత్ర ప్రథమ చికిత్స చెప్పడం, ప్రాణం నిలిపే సలహా ఇవ్వడం, ఎక్కడికి వెళ్లాలో చెప్పడం వరకే అని మార్గదర్శకాలు గిరి గీశాయి. గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం లాంటివాటికి 24 గంటల యాప్ జవాబు కాదు, 2005 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రాల్లో నడుస్తున్న 108 జవాబు. ఆ రాత్రి అమ్మకి యాప్ ఉన్నా, పక్కింటివాళ్లని లేపాల్సి వచ్చేదే.

డాక్టర్లలోనే ఉన్న రెండు అభిప్రాయాలు

ఈ విషయంలో డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు, రెండు వైపులా బలమైన కారణాలున్నాయి.

సమర్థించేవాళ్లు దూరం గురించి మాట్లాడతారు. పల్నాడులోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న మనిషికి హార్మోన్ల డాక్టరో మానసిక వైద్యులో కావాలంటే ఒక రోజు పని పోతుంది, బస్సు ఖర్చు, తోడు వచ్చే మనిషి కూలి అదనం. అందులో సగం ప్రయాణాలు రిపోర్టు చూపించి 'ఇదే మందు కొనసాగించండి' అనిపించుకోవడానికే. మానసిక సమస్యల్లో అయితే ఇంటి నుంచి మాట్లాడటం వల్లే కొందరు నోరు విప్పుతారు. వెళ్లలేక మందు మానేసే మనిషి కంటే, వీడియోలో అయినా డాక్టర్‌కి కనిపించే మనిషి నయం అన్నది వీళ్ల వాదన.

వ్యతిరేకించేవాళ్లు చేతితో తాకి చూసే పరీక్ష పోతోందని బాధపడతారు. కాళ్లవాపు, కాలి పుండు, కంటి కింద పాలిపోవడం లాంటివి రోగి చెప్పకపోయినా క్లినిక్‌లో కంటపడతాయి. కాల్‌కి ఇంత అని డబ్బు వచ్చేచోట తొందర పెరుగుతుందని, చూడకుండా రాయాల్సి వచ్చినప్పుడు 'ఎందుకైనా మంచిదని' యాంటీబయాటిక్ రాసే అలవాటు ముదురుతుందని వాళ్ల ఆందోళన. ఒకే సంస్థ డాక్టర్‌నీ, మందులనీ, రక్తపరీక్షలనీ అమ్ముతున్నప్పుడు సలహా ఎంత స్వతంత్రంగా ఉంటుందన్న ప్రశ్న కూడా వేస్తారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, అయితే సొంత ఫార్మసీ, సొంత ల్యాబ్ ఉన్న మామూలు ఆస్పత్రికీ అది వర్తిస్తుంది.

ఈ రెండు వాదనల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: సమర్థించేవాళ్లు చెప్పే ఉదాహరణలు ఎక్కువగా తెలిసిన రోగి, తెలిసిన జబ్బు గురించి. వ్యతిరేకించేవాళ్లవి ఎక్కువగా తెలియని రోగి, కొత్త జబ్బు గురించి. ఆరు నెలల గీత ఎందుకు గీశారో అక్కడ తెలుస్తుంది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి జరిగే ఈ-సంజీవని మాత్రం ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. డాక్టర్ దూరంగా ఉన్నా, రోగి పక్కన బీపీ చూసే చెయ్యి ఒకటి ఉంటుంది. డాక్టర్ మారుతుంటారు, కొన్నిసార్లు వేచి ఉండాల్సి వస్తుంది, అది దాని లోటు.

ఇంకో సంగతి. ఈ మధ్య చాట్‌లో జవాబిస్తున్నది మనిషో యంత్రమో తెలియడం లేదు. కృత్రిమ మేధ డాక్టర్‌కి సాయపడొచ్చు గానీ, అది తానుగా రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు అని 2020 మార్గదర్శకాలు ముందే చెప్పాయి. క్లినిక్‌కే వస్తానని రోగి అడిగితే, లేదు ఆన్‌లైన్‌లోనే చూస్తానని డాక్టర్ పట్టుబట్టకూడదని కూడా చెప్పాయి.

'అపరిమితం' అన్న ప్లాన్‌ని మన ఇంటి లెక్కలో పెట్టి చూస్తే

ఉదాహరణకి ఒక ప్లాన్ ఏడాదికి 2,400 రూపాయలు, నలుగురికి ఎన్నిసార్లయినా మాట్లాడొచ్చు అనుకుందాం. విడిగా ఒక్క కాల్‌కి 400 అనుకుందాం. ఆరు కాల్స్ దాటితే లాభం అనిపిస్తుంది. ఇప్పుడు కిందటేడు ఇంట్లో అందరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లిన 14 సార్లు తీసుకోండి. పళ్ల డాక్టర్ 3, టీకా 1, అమ్మ కంటి పరీక్ష 1, ఈసీజీ 1, బాబు చెవి నొప్పి 1, మోకాలికి కుట్లు 1. ఈ ఎనిమిదీ ఫోన్‌లో అయ్యేవి కావు. మిగిలినవి ఆరు. అందులో నాలుగు అమ్మ తన డాక్టర్‌ని కలిసినవి, ఆయన ఆ ప్లాన్‌లో లేరు. ఇక నిజంగా ప్లాన్ వాడుకోగలిగేది రెండుసార్లు, అంటే 800 రూపాయల పని. చిన్నపిల్లలు ముగ్గురున్న ఇంట్లో, దగ్గర్లో పిల్లల డాక్టర్ లేని ఊళ్లో ఇదే లెక్క వేరేలా రావచ్చు. అంకెలు మారతాయి, లెక్క వేసే తీరు అదే.

ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. పాలసీలో డాక్టర్ సంప్రదింపు ఖర్చు ఉంటే టెలీమెడిసిన్‌నీ ఒప్పుకోవాలని బీమా నియంత్రణ సంస్థ 2020 జూన్‌లోనే కంపెనీలకి చెప్పింది. ఆస్పత్రిలో చేరితేనే వర్తించే పాలసీల్లో మామూలు సంప్రదింపులకి ఇది సాధారణంగా రాదు.

ఒకే ఫోన్, నలుగురి రికార్డులు

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇది. కూతురి ఫోన్‌లో యాప్ ఉంటుంది, కూతురి పేరు మీదే అమ్మ గురించి మాట్లాడేస్తారు. చీటీ మీద వయసు 38 అని వస్తుంది. తర్వాత చూసే డాక్టర్‌కి 38 ఏళ్ల మనిషికి బీపీ, షుగర్, మోకాళ్ల అరుగుదల ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి మనిషికీ విడి ఖాతా పెట్టుకునే వీలు ఉందా, చీటీలు బయటికి తీసుకునే వీలు ఉందా అన్నవి యాప్ అందచందాల కంటే ముఖ్యం. ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్ కూడా మనిషికి ఒకటి, ఇంటికి ఒకటి కాదు. ఆరోగ్య వివరాలు దేనికి వాడతారో చెప్పి అనుమతి తీసుకోవాలని, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు మనకుందని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది.

తేడా వస్తే ఎవరిని అడగాలి? డాక్టర్ ప్రవర్తన గురించైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. డబ్బు కట్టి పొందే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు, సలహాకి 1915 నంబర్ ఉంది. 'మేం మధ్యవర్తులం మాత్రమే' అని వేదికలు షరతుల్లో రాసుకుంటాయి. కానీ తమ దగ్గర ఉన్న డాక్టర్ల రిజిస్ట్రేషన్ సరిచూసే బాధ్యత వాటిదేనని మార్గదర్శకాలు అంటున్నాయి, నియమం తప్పిన వేదికని నిషిద్ధ జాబితాలో పెట్టే అధికారం కూడా అందులో ఉంది.

చివరికి మేం ఏ ప్లాన్ కొనలేదు. డిసెంబర్‌లో చెల్లెలు వచ్చినప్పుడు అమ్మతో పాటు నరసరావుపేట డాక్టర్ దగ్గరికి వెళ్లింది. నా తరఫున ఈ పిల్ల మాట్లాడుతుందండీ అని అమ్మే ఆయనకి చెప్పింది. నెలకోసారి వీడియోలో చూడటానికి ఆయన ఒప్పుకున్నారు, ఆరు నెలలు దాటకుండా క్లినిక్‌కి రావాలన్న షరతు మీద. బాబుకి మా వీధి చివర పిల్లల డాక్టరే, ఆమె సాయంత్రాలు వీడియోలో కూడా చూస్తారు. అమ్మ ఫోన్‌లో 108, పక్కింటి నంబర్ మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి. ఇప్పుడు ప్రతి నెలా మొదటి గురువారం పొద్దున అమ్మ బీపీ రాసుకున్న నోటుబుక్కు కెమెరా ముందు పెడుతుంది. డాలస్‌లో అప్పటికి అర్ధరాత్రి కావస్తుంటుంది, చెల్లెలు మేలుకునే ఉంటుంది.